చక్కెర ఎవరిది? బాదం ఎవరిది?

"మీ అసలు ఊరేది?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ ప్రశ్న మా వెంట పడుతూనే ఉంది. ఏటూరునాగారం అని చెప్తాం. "అది సరే, అసలు?" అంటారు. మా తాతలదీ ఏటూరునాగారమే అంటాం. "అంతకుముందు?" అంటారు. అరబ్బు దేశమనో, తుర్కీ అనో, ఇరాన్ అనో మా నోటితో మేం చెప్పేదాకా అడిగినవాళ్ళకు తృప్తి ఉండదు. గోదావరి నీళ్ళు తాగి పెరిగాం. తెలుగు మీడియంలో చదివాం. తెలుగు పత్రికల్లో రాసి బతుకుతున్నాం. అయినా నాలుగు మాటలు మాట్లాడగానే "అరె, మీకు తెలుగు మంచిగ వస్తదే!" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలులో ముల్లు ఉందని మెచ్చుకునేవాళ్ళకు తెలియదు. గుచ్చుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఊరి మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి కూడా చెప్పాలి. ఒక పక్క గోదావరి, మూడు పక్కల అడవి. కోయగూడేలు చుట్టూ ఉన్న ఊరు. 1956 దాకా ఇది హైదరాబాద్ రాష్ట్రం. 2014 దాకా ఆంధ్రప్రదేశ్. ఆ తర్వాత తెలంగాణ. జిల్లా సంగతి ఇంకా చిత్రం. 2016 అక్టోబర్ దాకా వరంగల్, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి, 2019 ఫిబ్రవరి నుంచి ములుగు. ఊరు ఒక్క అడుగు కదల్లేదు. చిరునామా మాత్రం మారుతూ పోయింది. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టానికి సవరణ వచ్చి, కాగితాలు చూపించాల్సి వస్తుందని ఊరూరా గుబులు పుట్టినప్పుడు మేమూ పెట్టె దించి కాగితాలు వెదికాం. ఒక కాగితం మీద వరంగల్, ఇంకోదాని మీద భూపాలపల్లి, మరోదాని మీద ములుగు. "ఈ మూడూ ఒక్కటే ఊరని ఎవరికి చెప్పాలె బిడ్డా?" అంది మా అమ్మీ. మా దగ్గర జవాబు లేదు.

ఆ గుబులు తీరకముందే కరోనా వచ్చింది. ఇప్పుడు మేం చెప్పబోయేది ఆ రోజుల్లో మా వంటింట్లో జరిగిన సంగతి. ఒక మిఠాయి బిళ్ళ చేయడం నేర్చుకోబోయి, దాని చరిత్రలో మా చరిత్రను చూసుకున్న సంగతి.

*

2020 వేసవి. లాక్‌డౌన్. మేం పట్నం విడిచి ఏటూరునాగారంలో అమ్మీ దగ్గర ఉన్నాం. మార్చి చివర ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చాక కొన్ని టీవీలు రోగానికి గడ్డం, టోపీ తగిలించిన రోజులవి. దేశంలో చాలాచోట్ల కూరగాయల బండి దగ్గర ముందు పేరడిగి, తర్వాత ధర అడిగారు. మేం పత్రికల మనుషులం. రోజంతా ఆ వార్తలే చదవాలి, అవే రాయాలి. ఇంట్లో ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

అప్పుడు మా చిన్నబిడ్డ ఫోన్ పట్టుకొచ్చి ఒక బొమ్మ చూపించింది. రంగురంగుల బిళ్ళలు. రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దవి. పైన నున్నగా గుడ్డు పెంకులా, అంచు కింద మాత్రం జాలీలా, నురగలా ఉంది. రెండు బిళ్ళల నడుమ క్రీము. "మాకరాన్ అంటరు. ఫ్రాన్స్‌ది. మనం ఇంట్లనే చేద్దాం" అంది. హైదరాబాద్‌లో ఒక్కొక్కటి ఎంతకు అమ్ముతారో కూడా చెప్పింది. ఆ ధర విని అమ్మీ "తోబా తోబా" అని చెంపలేసుకుంది.

అందులో పడేవి చూస్తే నాలుగే సరుకులు. బాదం పిండి, మెత్తని చక్కెర పొడి, గుడ్డు తెల్లసొన, కొంచెం మామూలు చక్కెర. తెల్లసొన నూరు గ్రాములుంటే బాదం పిండి నూట పాతిక, చక్కెర పొడి నూట పాతిక, మామూలు చక్కెర నూరు. సుమారుగా ఇదే లెక్క. తెల్లసొనను చక్కెరతో గిలకొడితే నురగ గట్టిపడాలి. గిన్నె బోర్లించినా జారకూడదు. అందులో బాదం పిండి, చక్కెర పొడి జల్లించి కలపాలి. తక్కువ కలిపితే బిళ్ళ పగుల్తుంది. ఎక్కువ కలిపితే నీళ్ళై పారుతుంది. గరిటె ఎత్తితే పిండి తెగకుండా పట్టీలా జారాలి. కాగితం మీద బిళ్ళలు పోసి, పళ్ళేన్ని బండ మీద తట్టి గాలిబుడగలు పోగొట్టాలి. తర్వాత అరగంటో గంటో ఆరబెట్టాలి. వేలు పెడితే అంటకూడదు. ఆ ఆరిన పొరలోనే మొత్తం గుట్టు ఉంది. పైన పొర కట్టింది కాబట్టి లోపలి ఆవిరి పైకి పోలేక బిళ్ళను కిందనుంచి లేపుతుంది. అట్లా లేచిన చోట జాలీ పడుతుంది. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'పాదం' అంటారట. నూట యాభై డిగ్రీల వేడి మీద పావుగంట. అంతే.

రాయడానికి అంతే. చేయడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

బాదం పిండి మా ఊళ్ళో దొరకదు. బాదం గింజల్ని వేడినీళ్ళలో వేసి, పొట్టు తీసి, ఆరబెట్టి మిక్సీలో వేశాం. కాసేపటికి పిండి కాస్తా ముద్దయింది. నూనె వదిలింది. ఆ ముద్దతోనే చేస్తే బిళ్ళలు చపాతీల్లా పరుచుకున్నాయి. రెండోసారి పైన పగుళ్ళు పడ్డాయి. మూడోసారి బిళ్ళలు పొంగుతున్నాయని బిడ్డ చప్పట్లు కొడుతుంటే కరెంటు పోయింది. అప్పటికి జూలై వచ్చింది. అడవి ఊళ్ళో వానాకాలమంటే గోడలు కూడా చెమటపడతాయి. గంట ఆరబెట్టినా, రెండు గంటలు ఆరబెట్టినా బిళ్ళ మీద పొర కట్టదు. ఆగస్టులో గోదావరి పొంగింది. రామన్నగూడెం ఘాటు మునిగింది. వరద వార్తలు రాసే పనిలో మాకరాన్లను మరిచాం.

మరవనిది అమ్మీ ఒక్కతే. బాదం పాడవుతోందని ఆమె బాధ. బాదం గింజలంటే మా ఇంట్లో పండగనాడు లెక్కపెట్టి వేసేవి. ఒకరోజు మిక్సీ దగ్గరికి వచ్చి నిలబడి చూసింది.

"బాదాం కో అకేలా నై పీస్తే. చక్కెరతో కలిపి నూరాలె. చక్కెర నూనెను పట్టుకుంటది."

"నీకెట్ల తెలుసమ్మీ?"

"లౌజ్‌కు అట్లనే నూరేది. మీ నానీ రోట్లో నూరేది."

చక్కెరతో కలిపి ఆపి ఆపి తిప్పాం. పిండి పొడిపొడిగా వచ్చింది. తర్వాత తెలిసింది, ఫ్రెంచి వంటగాళ్ళు చేసేదీ ఇదే. బాదం, చక్కెర సమపాళ్ళలో కలిపి పొడి చేసుకుంటారు. దానికి వాళ్ళ భాషలో 'ఎంతకు అంత' అని అర్థమొచ్చే పేరు కూడా పెట్టుకున్నారు. మా నానీ దానికి పేరు పెట్టలేదు. అంతే తేడా.

బిళ్ళలు అడుగున మాడుతున్నాయంటే "కింద ఇంకో పళ్ళెం పెట్టు, రోట్‌లకు అట్లనే పెడ్తం" అంది. మొహర్రంలో చేసే దమ్ కా రోట్ మాట అది. ఓవెన్లు లేని కాలంలో గిన్నె కింద సన్నని సెగ పెట్టి, మూత మీద నిప్పులు పోసి కాల్చేవాళ్ళు. పట్నంలోనైతే రవ్వ, నెయ్యి, చక్కెర కలిపిన తట్టలు పట్టుకుపోయి బేకరీ భట్టీలో కాల్పించుకొచ్చేవాళ్ళు. కింద వేడి ఎంత, పైన వేడి ఎంత అన్నది అమ్మీకి డిగ్రీల్లో తెలియదు. అరచేతికి తెలుసు.

దసరా ముందు గాలిలో తేమ తగ్గింది. అక్టోబర్‌లో ఒక మధ్యాహ్నం, ఓవెన్ అద్దం ముందు మూడు తరాలం కూర్చున్నాం. బిళ్ళలు లేచాయి. కింద జాలీ పడింది. నడుమ పెట్టడానికి క్రీము బదులు ఖర్జూరం ముద్ద పెట్టాం. ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి కొరికితే పైన కరకర, లోపల మెత్తన. అమ్మీ ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఏ తో అప్నా లౌజ్ హై. థోడా హవా భర్‌కో హై" అంది. ఇది మన లౌజే, కొంచెం గాలి నింపుకుంది.

మేం నవ్వాం. కానీ ఆ మాట మనసులో పడింది. ఆ రాత్రి నుంచి పుస్తకాలు తిరగేశాం. అమ్మీ నవ్వులాటకు అన్నమాట చరిత్రలో నిజమని తేలింది.

*

లౌజ్ అంటే ఏమిటి? హైదరాబాదీ ముస్లిం ఇళ్ళల్లో పలకలుగా, వజ్రం ఆకారంలో కోసే బాదం మిఠాయి. 'లౌజ్' అరబ్బీ మాట. అర్థం బాదం. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ అనే ఆయన వంటల పుస్తకం రాశాడు. 1226లో ముహమ్మద్ అల్ బాగ్దాదీ ఇంకోటి రాశాడు. ఈ పుస్తకాల్లో 'లౌజీనజ్' ఉంది. బాదం, చక్కెర మెత్తగా నూరి, పన్నీరు చల్లి చేసే మిఠాయి. ఖలీఫాల దస్తర్‌ఖాన్ మీద దానిదే పెద్దపీట. అరబ్బులకు కూడా అది సొంతంగా పుట్టింది కాదు. ఇరాన్‌లో సాసానీ రాజుల కాలంనుంచి వచ్చింది.

అక్కడినుంచి బాదం, చక్కెర కలిసి పడమటికి నడిచాయి. 711లో ముస్లింలు స్పెయిన్‌లో కాలుపెట్టారు. 827లో సిసిలీ దీవిలో దిగారు. వాళ్ళ వెంట చెరకు వెళ్ళింది. బాదం, చక్కెర కలిపి నూరే విద్య వెళ్ళింది. ఆ నేలల మీద ముస్లిం రాజ్యాలు పోయాయి. విద్య మాత్రం పోలేదు. క్రైస్తవ మఠాల్లో సన్యాసినుల చేతికి వచ్చింది. మార్జిపాన్ అనే బాదం ముద్ద అట్లా యూరప్ పండుగల్లో చేరింది. అదే బాదం ముద్దకు తెల్లసొన కలిపి కాల్చితే మాకరాన్ జాతి బిస్కత్తు. ఆ పేరు కూడా ఫ్రెంచి కాదు. ఇటలీలో పిండి వంటకానికి వాడే 'మక్కెరోనే' అన్న మాటనుంచి వచ్చింది. 1533లో ఇటలీనుంచి ఫ్రాన్స్‌కు కోడలుగా వెళ్ళిన కాతరీన్ దె మెదిచి తన వంటవాళ్ళతో దీన్ని తీసుకెళ్ళిందని ఒక కథ ఉంది. చరిత్రకారులు దానికి ఆధారం లేదంటారు. రెండు బిళ్ళల నడుమ క్రీము పెట్టే ఇవాళ్టి తీరు ఇరవయ్యో శతాబ్దంలో పారిస్ మిఠాయి దుకాణాల్లో పుట్టింది. లాదురే దుకాణానికి చెందిన పియేర్ దెఫోంతేన్ పేరు చెప్తారు. అంటే 'ఫ్రెంచి మాకరాన్' వయసు మా తాతల వయసంత. ఫ్రెంచి భాషలో వజ్రపు ఆకారాన్ని 'లోజాంజ్' అంటారు. అది మన లౌజీనజ్ నుంచే వచ్చిందని వాదించే పండితులూ ఉన్నారు.

ఇక చక్కెర. ఇది ఇంకా పెద్ద కథ. చెరకు రసాన్ని కాచి పలుకులు పలుకులుగా చక్కెర చేసే విద్య మన దేశంలోనే పుట్టింది. 647లో చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ ఆ విద్య నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపాడు. ఇక్కడి 'శర్కర' ఇరాన్ పోయి 'షకర్' అయింది. అరబ్బు దేశం పోయి 'సుక్కర్' అయింది. ఇటలీలో 'జుక్కెరో' అయింది. ఫ్రాన్స్‌లో 'సూక్ర్' అయింది. మా తెలంగాణలో 'చక్కెర'గా నిలబడింది. మన 'ఖండ' ఇరాన్‌లో 'ఖంద్' అయి, ఇంగ్లీషువాడి నోట్లో 'క్యాండీ' అయి తిరిగొచ్చి మన పిల్లల జేబుల్లో కూర్చుంది.

ఇంకో విచిత్రం చూడండి. పటికబెల్లాన్ని ఉర్దూలో 'మిస్రీ' అంటాం. మిస్ర్ అంటే ఈజిప్టు. తెల్ల చక్కెరను 'చీనీ' అంటాం. అంటే చైనాది. ఇక్కడ పుట్టిన బిడ్డే దేశాలు తిరిగి తిరిగి ఇంటికొచ్చేసరికి సొంత ఇంట్లోనే పరాయి పేరు పడింది! చక్కెరకు నోరుంటే మాతో కలిసి ఏడ్చేది.

ఎందుకంటే మా సంగతీ అంతే. తెలుగు నేల మీద ముస్లింలలో అత్యధికులం ఇక్కడి మట్టివాళ్ళమే. ఏదో ఒక తరంలో మా తాతలు తలుపు తెరిచి ఇంకో ఇంటిలోకి నడిచారు. ఎవరి కులపు బరువు దించుకోవడానికి వాళ్ళు, ఏ సూఫీ మాటకు కరిగి వాళ్ళు. దేవుణ్ణి పిలిచే పేరు మారింది. ఊరు మారలేదు, చేసే పని మారలేదు, పొలం గట్టు మారలేదు. పేరు అరబ్బీలోకి మారినంత మాత్రాన మనిషి అరబ్బు అయిపోతాడా? 'మిస్రీ' అన్నంత మాత్రాన పటికబెల్లం ఈజిప్టుది అయిపోయిందా?

మరి నిజంగానే బయటినుంచి వచ్చినవాళ్ళ సంగతేమిటి? మాలో కొందరి పూర్వీకులు ఇరాన్‌నుంచీ, అరబ్బు దేశాలనుంచీ వచ్చారు. దాచాల్సిన పనిలేదు. బాదం కూడా అట్లాగే వచ్చింది. 'బాదం' పారసీ మాట. 'పిస్తా', 'కిస్మిస్' పారసీవే. 'బర్ఫీ'లో ఉన్నది మంచు అని అర్థమొచ్చే పారసీ 'బర్ఫ్'. 'హల్వా' అరబ్బీ. జిలేబి వెనక ఉన్నది అరబ్బీ 'జలాబియా'. జీడిపప్పును పోర్చుగీసువాళ్ళు బ్రెజిల్‌నుంచి తెచ్చారు. మిరపకాయ కూడా వాళ్ళ ఓడల్లోనే దిగింది. మిరపకాయ లేని తెలుగు ఇల్లు చూపించండి! దాన్ని పట్టుకుని "నీ అసలు దేశమేది?" అని ఎవరైనా అడుగుతున్నారా?

*

మాకరాన్ ఫ్రాన్స్‌దని చెప్పగానే "అబ్బో!" అంటారు గదా. ఆ ఫ్రెంచివాళ్ళు మనకేమీ కొత్తవాళ్ళు కాదు. 1669లో గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా ఫర్మానా ఇస్తే మచిలీపట్నంలో వాళ్ళ కోఠీ వెలిసింది. వాళ్ళ కంపెనీ తరఫున ఆ ఫర్మానా సంపాదించిన మర్కారా ఇస్ఫహాన్‌నుంచి వచ్చిన ఆర్మీనియన్. తెలుగు రేవు, పారసీ ఫర్మానా, ఆర్మీనియన్ దూత, ఫ్రెంచి సరుకు! 1751లో బుస్సీ దండుతో హైదరాబాద్ వచ్చాడు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళాయి. 1757 బొబ్బిలి యుద్ధం ఎవరి ఫిరంగులతో జరిగిందో తెలుగువాళ్ళకు బుర్రకథలు వినే ప్రతి పిల్లవాడికీ తెలుసు.

తర్వాత రేమండ్ వచ్చాడు. రెండో నిజాం అలీఖాన్ కొలువులో సేనాని. ఫిరంగులు పోయించాడు. 1798 మార్చి 25న హైదరాబాద్‌లోనే చనిపోయాడు. సమాధి అక్కడే ఉంది. ఆయన్ని హిందువులు 'మూసారామ్' అన్నారు, ముస్లింలు 'మూసా రహీమ్' అన్నారు. ఇవాళ్టి మూసారాంబాగ్ ఆయన పేరే. ఎక్కడో ఫ్రాన్స్‌లో పుట్టి కత్తి పట్టుకుని వచ్చిన సైనికుడికి ఈ నేల ఒకటి కాదు, రెండు పేర్లు పెట్టి, రాముణ్ణీ రహీమ్‌నూ ఇచ్చి, తనవాణ్ణి చేసుకుంది. అది ఈ నేల గుణం. ఆ గుణాన్ని మేం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఒక్కటి అడుగుతాం. దండెత్తి వచ్చినవాడికి దొరికిన చోటు, దుక్కి దున్నినవాడికి ఎందుకు దొరకదు?

మా గోదావరి సంగతి కూడా చెప్పాలి. రామన్నగూడెం దగ్గర మేం స్నానం చేసిన నీళ్ళు భద్రాచలం దాటి, రాజమండ్రి దాటి, ఒక పాయలో యానాం చేరతాయి. ఆ యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది. నదికి కాగితాలు లేవు. నిజాం రాజ్యంలోంచి ఇంగ్లీషు రాజ్యంలోకి, అక్కణ్ణుంచి ఫ్రెంచి రాజ్యంలోకి ఎవర్నీ అడక్కుండా పోయింది. మాకరాన్ ఆ దారిన మా ఊరికి రాలేదు. ఫోన్లో వచ్చింది. వచ్చేసరికి దాని చుట్టాలు మా ఇంట్లో ముందే ఉన్నారు.

*

మాకరాన్ చరిత్రలో మమ్మల్ని అన్నిటికన్నా కదిలించింది ఇద్దరాడవాళ్ళ కథ. ఫ్రాన్స్‌లో నాన్సీ అనే పట్టణం. అక్కడి మఠంలో సన్యాసినులకు మాంసం నిషిద్ధం. బలానికి బాదం మిఠాయి చేసుకునేవారు. ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1792లో మఠాలను రద్దు చేశారు. రాత్రికి రాత్రి నీడ పోయింది. మార్గరీత్ గయో, ఎలిజబెత్ మొర్లో అనే ఇద్దరు సన్యాసినులు పట్టణంలో తెలిసినవాళ్ళ ఇంట్లో తలదాచుకున్నారు. చేతిలో ఉన్నది ఒక్క విద్య. మాకరాన్లు చేసి అమ్మి బతికారు. జనం వాళ్ళను 'మాకరాన్ అక్కచెల్లెళ్ళు' అని పిలిచారు. 1952లో ఆ ఊరు తన వీధికి వాళ్ళ పేరు పెట్టుకుంది. నాన్సీ మాకరాన్ బల్లపరుపుగా, పైన పగుళ్ళతో, క్రీము లేకుండా ఉంటుంది. అచ్చం మేం రెండోసారి చెడగొట్టిన బిళ్ళలాగే! ఆ సంగతి చెప్తే బిడ్డ "అయితే మనం ఫెయిల్ కాలేదు, వేరే ఊరు మాకరాన్ చేసినం" అంది.

రాజ్యం మారితే ముందు రోడ్డున పడేది ఎవరు? 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ఎన్నో ముస్లిం ఇళ్ళల్లో నౌకరీలు పోయాయి. ఎన్నో ఇళ్ళల్లో మగదిక్కే పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారీ పోవడం న్యాయమే. దాని కింద నలిగినవాళ్ళలో మా పేద ముస్లింలూ ఉన్నారు. కానీ ఆ జాగీర్ల మీద ఆధారపడిన వంటవాళ్ళు, దర్జీలు, పనివాళ్ళు ఏమయ్యారో ఏ పుస్తకం రాసింది? పాతబస్తీ పరదాల వెనక ఆడవాళ్ళు సూది పట్టారు, గాజులకు రాళ్ళు అతికారు, అచార్లు పెట్టారు, మిఠాయిలు చేశారు. ఇల్లు దాటకుండా ఇల్లు నిలబెట్టారు.

హైదరాబాద్‌లో 'బాదామ్ కీ జాలీ' అనే మిఠాయి ఉంది. బాదం ముద్దను పలచగా ఒత్తి, జాలీలా కత్తిరించి, వెండి వరఖ్ పెట్టి, సన్నని వేడి మీద కాలుస్తారు. 'అష్రఫీ' ఉంది. అదే బాదం ముద్దను ఆసఫ్‌జాహీ నాణెపు అచ్చులో ఒత్తి ఆరబెడతారు. ఇవి పెద్ద దుకాణాల సరుకు కాదు. 1899లో కట్టిన అజీజ్‌బాగ్ లాంటి పాత ఇళ్ళల్లో, ఆర్డరు మీద, చేత్తో చేసేవి. మాకరాన్‌కు వీటికంటే దగ్గరి చుట్టం మన నేల మీద లేదు. అదే బాదం, అదే చక్కెర, అదే ఆరబెట్టడం, అదే సన్నని సెగ. మాకరాన్ అద్దాల దుకాణంలో కూర్చుంది. బాదామ్ కీ జాలీ ఇంకా పరదా వెనకే ఉంది. నాన్సీ ఆడవాళ్ళ పేరు వీధికి ఎక్కింది. మా ఆడవాళ్ళ పేర్లు వాళ్ళ మనవరాళ్ళకే గుర్తులేవు. మా నానీ పేరు కూడా ఏ కాగితం మీదా సరిగ్గా లేదు.

*

ఇంత దూరం తిరిగి మళ్ళీ మా ఊరికే వస్తాం.

మా ఊరికి దగ్గర్లోనే మేడారం. రెండేళ్ళకోసారి సమ్మక్క సారలమ్మ జాతర. అక్కడ బెల్లాన్ని బెల్లం అనరు, 'బంగారం' అంటారు. నిలువెత్తు బంగారం తూకం వేసి తల్లులకు మొక్కు తీరుస్తారు. రాజ్యంతో కొట్లాడి చనిపోయిన ఆడబిడ్డలకు జనం ఇచ్చే తీపి అది. మొక్కుకునే జనంలో సాయిబులూ ఉంటారు. మా తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ వస్తే పీరు ఎత్తేవాళ్ళలో, నిప్పుల గుండం చుట్టూ అలయ్ ఆడేవాళ్ళలో మావాళ్ళకంటే మిగతావాళ్ళే ఎక్కువ. పీర్లకు పెట్టేది మలీద. రొట్టెను నలిపి బెల్లం కలిపిన ముద్ద.

సద్దుల బతుకమ్మ నాడు చెరువుగట్టున ఆడవాళ్ళు ఒకరికొకరు పంచుకునేది ఏమిటి? మలీద! అదే రొట్టె, అదే బెల్లం, అదే పేరు. 'మలీద' పారసీ మాట. నలిపినది అని అర్థం. బతుకమ్మ ప్రసాదానికి పారసీ పేరు ఉందని బతుకమ్మ ఎన్నడూ బాధపడలేదు. గౌరమ్మ ఎన్నడూ వద్దనలేదు. బాధపడేది, వద్దనేది పుస్తకాల్లో చరిత్రను ఉతికి ఆరేసే పెద్దమనుషులు.

ఇప్పుడు ఒక గిన్నె సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు.

మా చిన్నతనంలో రంజాన్ పండుగకు షీర్‌ఖుర్మా గిన్నెలు వాడకట్టంతా తిరిగేవి. పంచే పని మాదే. ఏ ఇంట్లోనూ గిన్నె ఖాళీగా తిరిగిచ్చేవాళ్ళు కాదు. చక్కెరో, బియ్యమో, నాలుగు చిక్కుడుకాయలో వేసి ఇచ్చేవాళ్ళు. 1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చారు. 1993 మార్చిలో వచ్చిన రంజాన్ పండుగకు మేం ఎప్పటిలాగే గిన్నెలు పట్టుకుని వెళ్ళాం. మేం అత్తమ్మా అని పిలిచే ఒకామె ఇంట్లో గిన్నె తీసుకున్నారు. సాయంత్రం గిన్నె తిరిగి వచ్చింది. మూత తీస్తే షీర్‌ఖుర్మా పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన మీగడ కట్టింది. అమ్మీ ఏమీ అనలేదు. "వాళ్ళింట్ల ఎవరికో పానం మంచిగ లేదేమో" అని ఆ గిన్నెను పక్కకు పెట్టింది. మేం చిన్నపిల్లలమే. కానీ అయోధ్య ఏటూరునాగారానికి ఎంత దూరమో ఆ రోజు తెలిసింది. ఒక గిన్నె దూరం.

2020 అక్టోబర్‌లో మాకరాన్లు కుదిరిన మర్నాడు మా బిడ్డ డబ్బాలో పెట్టుకుని బయల్దేరింది. ఎవరింటికి అంటే ఆ ఇంటికే. ఆమెకు గిన్నె కథ తెలియదు. మేం ఎన్నడూ చెప్పలేదు. ఆపాలనుకున్నాం. అమ్మీ కళ్ళతోనే వద్దంది. అత్తమ్మ ఇప్పుడు ముసలిది. డబ్బా తీసుకుని "గుడ్డుంది గదా బిడ్డా? బతుకమ్మ పోయినంక తింట" అందట. ఆ మాటలో దాపరికం లేదు. తినని రోజున తిననని మొహాన చెప్పడం వేరు, మూత తీయకుండా తిప్పి పంపడం వేరు. నాలుగు రోజులకు డబ్బా తిరిగి వచ్చింది. అమ్మీయే మూత తీసింది. లోపల మలీద ముద్దలు.

ఒక్క డబ్బాతో 1992 తుడిచిపెట్టుకు పోతుందని మేం అనడం లేదు. అదే వాడకట్టులో ఆ ఏడాది మా చేతి తీపి ముట్టనివాళ్ళూ ఉన్నారు. కాగితాల పెట్టె ఇంకా అటక మీదే ఉంది. దాన్ని మళ్ళీ ఎప్పుడు దించాల్సి వస్తుందో అన్న భయమూ ఉంది. మిఠాయిలు పంచుకుంటే అన్నీ సర్దుకుంటాయని చెప్పే అమాయకత్వం మాకు లేదు. షీర్‌ఖుర్మా తాగిన ఇళ్ళవాళ్ళే కష్టకాలంలో మాట్లాడకుండా కూర్చోవడం మేం చూశాం. మాకు కావలసింది పండుగనాటి ప్రేమ ఒక్కటే కాదు. మిగతా రోజుల్లో హక్కు.

మా చిన్నబిడ్డ ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. అక్కడ ఆమెను కూడా ఎవరో అడిగారట, "మీ అసలు ఊరేది?" అని. ఆమె మాలాగా తడబడలేదు. "చక్కెర అసలు ఊరేదో చెప్పు, నాది నేను చెప్త" అందట.

అడిగినవాళ్ళు ఇంకా జవాబు చెప్పలేదు. మేం ఎదురుచూస్తున్నాం.